కోట బయటి ప్రయాణం

చరిత్ర టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పాఠం మొదలుపెడుతూనే పటం మీద ఓ పాత నగరాన్ని బెత్తంతో టక్కున కొట్టి, "పదండి, వెళ్లొచ్చి రాయండి" అంటుంది. పిల్లలు కళ్లు మూసుకుని వేల ఏళ్ల వెనక్కి వెళ్లి, అక్కడ చూసిందంతా యాత్రికుల్లా రాయాలి. అందరూ రాజుగారింట్లోనే దిగితే ఆమెకు ఒళ్లు మండుతుంది. "మీరంతా ఆయన మేనల్లుళ్లా? ఆ గోడలు కట్టినవాళ్లు ఒక్కళ్లకీ కనపడలేదా?" అంటూ చేతిలోని సుద్దముక్క విరిచేస్తుంది.

ఆ రోజు తాపీమేస్త్రీ కూతురు లేచి చదివింది: "మా అమ్మ రాళ్లు మోసి కోట కట్టింది. కట్టడం అయ్యాక మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. అందుకే లోపల ఎలా ఉంటుందో నాకు తెలీదు."

తనిఖీకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న హెడ్మాస్టరు ఆ కాగితం లాక్కుని అడ్డంగా గీత గీశాడు. "రాజు పేరు లేదు, కోట వర్ణన లేదు. సున్నా! బయటికెళ్లి నిలబడు."

పిల్ల తలుపు వైపు కదిలింది. టీచరమ్మ వెళ్లి అడ్డంగా నిలబడింది. మెడ నరాలు ఉబ్బాయి.

"అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటేనా సార్?"

టీచరమ్మ హెడ్మాస్టరు చేతిలోంచి కాగితం తీసి పిల్లకిచ్చింది.

"చదువు తల్లీ. గట్టిగా చదువు, పక్క క్లాసుకి కూడా వినపడాలి."