రెండంతస్తుల విమానానికి నెరిసిన వెంట్రుకలు

ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలున్న పాతకాలపు విమానాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. కర్ర, గుడ్డ, తీగలు, అంతే. వాటిని నమ్మి మనుషులు ఆకాశంలోకి ఎలా వెళ్లారో అర్థం కాదు. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య ఏటవాలుగా బిగించిన ఉక్కు తీగలు లేకపోతే అదంతా పేకమేడే. అలాంటి విమానాల చిన్న నమూనాలు ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెల్లో వస్తాయి. వాటిని అతికించి, రంగులు వేసి, తీగలు కట్టడం నా పిచ్చి. హైటెక్ సిటీలో రోజంతా పక్కవాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికేవాడికి, ఇంటికొచ్చాక సొంత తప్పులు వెతుక్కునే పని ఒకటి ఉండాలి కదా.

మొన్న వానాకాలంలో మా ఆవిడ ఆఫీసు పని మీద పుణె వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో ఆమే, నేనూ మిగిలాం. చిక్కేమిటంటే, మా వైపు పాతకాలం అత్తలు అల్లుడికి ఎదురుపడి మాట్లాడరు, అల్లుడి ముందు కూర్చోరు. కొంగు తల మీదికి లాక్కుని తలుపు చాటుకు తప్పుకుంటారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాతో చెప్పదలచుకున్నవన్నీ మా ఆవిడ నోటి మీదుగానే వచ్చాయి. ఇప్పుడు ఆ నోరు పుణెలో ఉంది. అందుకని అత్తమ్మ గోడతో మాట్లాడటం మొదలుపెట్టింది. "చాయ్ చల్లారుతుంది" అని వంటింట్లోంచి గోడకు చెప్పేది. నేను వెళ్లి తాగేవాణ్ని.

చుక్కల మందు ఒక్క పూట కూడా మానొద్దని, మానితే చూపుకే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. తన కంట్లో తానే వేసుకోవడం అత్తమ్మ వల్ల కాలేదు. చుక్క పడేలోపే రెప్ప మూసేసేది. పక్క ఫ్లాట్‌లో ఉండే కాకినాడ ఆవిడ వచ్చి వేసి వెళ్లేది. "మీరేం కంగారు పడకండి, పిన్నిగారి సంగతి నేను చూసుకుంటానుగా అండీ" అంది. నేను నిజంగానే కంగారు మానేసి విమానం మీద పడ్డాను.

పైభాగానికి ముదురాకుపచ్చ, కిందికి ఉతికి ఉతికి వెలిసిన ముతక బట్ట రంగు వేశాను. రంగు చిక్కబడితే రెక్క మీది సన్నటి గీతలు మూసుకుపోతాయి కాబట్టి పల్చగా, పూత మీద పూత వేసుకుంటూ పోవాలి. నేను పని చేస్తున్నంతసేపూ అత్తమ్మకు తెగ దాహం వేసేది. మంచినీళ్ల కోసం హాలు దాటి వెళ్తూ, వస్తూ, బల్ల వైపు ఓరగా చూసేది.

ఇక తీగలు. కొన్న దారం ఆ బుల్లి విమానం మీద బట్టలారేసే తాడులా కనిపించింది. కొందరు వెంట్రుకలు వాడతారని ఎక్కడో చదివాను. మా ఇంట్లో వాటికేం కొదవ? అత్తమ్మ దువ్వెనలో వచ్చిన వెంట్రుకలన్నీ ఉండచుట్టి కవర్లో దాస్తుంది. వెంట్రుకలు కొనడానికి వీధిలోకి వచ్చేవాళ్లకు అవి ఇచ్చి స్టీలు గిన్నె తీసుకోవడం ఆమెకు పాత అలవాటు. మా అపార్ట్‌మెంట్ గేటు లోపలికి వాళ్లను రానివ్వరు. అయినా ఆ కవరు నిండుతూనే ఉంది.

నేను పుణెకు ఫోన్ చేశాను. మా ఆవిడ నవ్వి నవ్వి, ఇక్కడ నా పక్క గదిలోనే ఉన్న తల్లికి ఫోన్ చేసింది. "ఇమానానికి నా ఎంటికెలా? దారం దొరుకతలేదా ఆయనకు?" అని గోడ అవతలి నుంచి నాకు నేరుగానే వినిపించింది. కానీ నేను స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద ఒక కాగితం ఉంది. దాని మీద పొడవాటి నెరిసిన వెంట్రుకలు, ఏరి, చిక్కు తీసి, వరుసగా పరిచి ఉన్నాయి.

ఆదివారం జోరున వాన. బాల్కనీ తలుపు బార్లా తీసుకుని కూర్చున్నాను. సూదంత సన్నటి డ్రిల్లుతో రెక్కకు రంధ్రం పెట్టి, వెంట్రుక కొసను జిగురుతో అంటించి, రెండో కొసను లాగి పట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించాలి. చెయ్యి వణికితే మళ్లీ మొదటికే. సాయంత్రానికి పని పూర్తయింది. నెరిసిన వెంట్రుక అచ్చం ఉక్కు తీగలా మెరిసింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, ఏసీ వేసుకుని, భోంచేసి చూద్దును కదా, పై రెక్క ఒక పక్కకు గుంజుకుపోయి ఉంది. రెండు రెక్కల మధ్య నిలువు కర్ర ఒకటి వంగింది. జిగురుదా తప్పు, ప్లాస్టిక్‌దా? రోజూ సాయంత్రం బల్ల ముందు కూర్చుని తల బద్దలు కొట్టుకున్నాను. పొద్దున పూట మాత్రం ట్రాఫిక్ భయంతో దాని వైపు చూడకుండానే పరుగెత్తేవాణ్ని.

ఈలోగా కాకినాడ ఆవిడ బంధువుల పెళ్లికి ఊరెళ్లింది. "నువ్వే వెయ్యి చుక్కలు" అంది మా ఆవిడ ఫోన్లో. అత్తమ్మ ససేమిరా అంది. "అల్లుడు నా మొకం పట్టుకునుడా? నేనే ఏసుకుంట." అడిగిన ప్రతిసారీ "పడ్డయి" అని కూతురికి చెప్పేది. పడ్డది చెంప మీద అని నాకు తెలుసు. ఆమె జాకెట్టు భుజం తడిసి ఉండేది. కన్ను రోజురోజుకూ ఎర్రబడుతోంది. మా ఆవిడ ఫోన్లో ఏడ్చింది. నేను మందు సీసా పట్టుకుని వెళితే గది తలుపు మూసుకుపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఆ ఆచారం మీద కోపం, ఆమె మీద కోపం. ఎవరినీ ఏమీ అనలేక వచ్చి విమానం ముందు కూర్చున్నాను. అది ఎప్పటిలాగే వంకరగా ఉంది. తీగలన్నీ తెంపేద్దామని బ్లేడు తీశాను.

"కొయ్యకుండ్రి."

తిరిగి చూశాను. అత్తమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చూపు నా మీద కాదు, విమానం మీద.

"పగటిపూట మంచిగనే ఉంటది. మీరొచ్చి ఏసీ పెడితేనే గుంజుకుంటది. నేను రోజు చూస్తున్న."

"పగలు సరిగ్గా ఉంటుందా?"

"మీరు పోయినంక ఏసీ బంద్ చేసి బాల్కనీ తలుపు తీస్త గద. జర సేపటికి సక్కగైతది."

ఏసీ ఆపాను. ఆమె వెళ్లి తలుపు తీసింది. బయట తుంపర పడుతోంది. ఇద్దరం బల్లకు చెరో పక్కన నిలబడి ఎదురుచూశాం. కాసేపటికి ఆ రెక్క కనిపించీ కనిపించనట్టుగా లేచి, తిన్నగా నిలిచింది. తేమ తగిలితే వెంట్రుక సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. నేను కట్టింది వానలో. పెట్టింది ఏసీలో.

"నా ఎంటికెలకు గూడ ఏసీ పడుతలేదు" అంది అత్తమ్మ.

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే నీళ్లు కారుతున్న ఆమె ఎర్రటి కన్ను చూశాను.

"అత్తమ్మా, తీగలైతే మళ్లీ కట్టుకోవచ్చు. కంటికేమన్నా అయితే ఏం చేస్తాం? నాకు భయంగా ఉంది" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని నా ముందే కూర్చుంది. తల వెనక్కి వాల్చింది. కొంగు జారిపోతే సర్దుకోలేదు. ఆమె ముఖం నిండుగా చూడటం నాకు అదే మొదటిసారి. మా ఆవిడ నుదురూ, మా ఆవిడ గడ్డమూ ఉన్నాయి అందులో. సీసా మూత తీసి ఆమె రెప్ప మీద వేలు పెట్టాను.

"గా ఎంటికెలకు వణకని చెయ్యి, నా కంటికెందుకు వణుకుతాంది కొడుకా? ఎయ్యి."