అమ్మవాటాకు వేసిన ముడి

నాకు ముక్కుమీదే కోపం. అది మనుషుల మీద పడినంతకాలం ఇంట్లోవాళ్ళు ఓర్చుకున్నారు. మూడేళ్ళ కిందట దాన్ని గంగమ్మ తల్లి మీదికి తిప్పాను.

మాది మైపాడు పక్కన సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. అన్నదీ నాదీ ఒకటే పడవ. ఒకరోజు వల లాగుతుంటే తాడు కుడిచేతికి చుట్టుకుని రెండు వేళ్ళు తెగిపోయాయి. మిగిలినవాటిలో బలం పోయింది. పడవ మీద నాకిక పని లేదని డాక్టరు చెప్పకముందే తెలిసిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా గుడ్డికన్నా మెల్ల నయం, ప్రాణం దక్కింది, అంతా అమ్మ దయ అన్నారు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది. దయగల తల్లి వేళ్ళు తీసుకుంటుందా? దేవుడూ లేడు, దెయ్యమూ లేదని వీధిలో నిలబడి చెప్పాను. గుడి దారిన పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. పొద్దున్నే పడవలు కదిలే వేళకు సముద్రానికి వీపు పెట్టి కూర్చోవడం, తిండికి లేవడం, మళ్ళీ కూర్చోవడం. ఎందుకు బతికున్నానో నాకే తెలిసేది కాదు.

అలా రెండేళ్ళు గడిచాయి. నిరుడు వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డెక్కాక అన్న చిరిగిన వల తెచ్చి నా ముందు పడేశాడు.

“సూది పట్టేదానికి మూడు వేళ్ళు చాల్లేరా. కుట్టు,” అన్నాడు.

తిట్టుకుంటూనే కుట్టాను. మొదట్లో ముడి వేస్తే జారిపోయేది. పోనుపోను చెయ్యి దారికొచ్చింది. మా ఇంట్లో ఒక పద్ధతుంది. వల బాగుచేసినప్పుడు అంచులో చిరిగిన ఒక్క కన్ను కుట్టకుండా వదిలేస్తాం. అందులోంచి జారిపోయే చేప గంగమ్మది. దాన్ని అమ్మవాటా అంటాం. నాకు మా నాయన నేర్పాడు. ఆఖరి రోజు ఆ కన్ను దగ్గరికొచ్చేసరికి ఎక్కడలేని కసి పుట్టింది. నా వేళ్ళు తీసుకున్నది చాలక ఇంకా వాటా కూడానా అని దాన్నీ మూసేసి, జోడుముడి బిగించాను. ఎవరికీ చెప్పలేదు. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

నిషేధం ముగిసిన మూడోరోజు వేటకు పోయిన పడవలన్నీ పదింటికల్లా తిరిగొచ్చాయి, అన్నది తప్ప. గాలి లేచింది. ఫోన్ కలవలేదు. మధ్యాహ్నం దాటింది. వదిన ఇసుకలో కూర్చుని నీళ్ళవైపే చూస్తోంది. అన్నతో పోయిన ముగ్గురి ఇళ్ళవాళ్ళూ ఆమె చుట్టూ చేరారు. నా భార్యను పక్కకు పిలిచి ముడి సంగతి చెప్పాను.

“దేవుడు లేడని రెండేండ్లుగా ఊరంతా చాటినావే. లేనామె వాటా ఎట్టా ఎగ్గొట్టినావయ్యా?” అంది.

నేను గుడివైపు చూశాను.

“ఒక్క చేపకోసం నలుగుర్ని ముంచే తల్లయితే నేనే మొక్కను. ఆమెకు నీ అంత కోపం లేదులే. పో, పొయ్యి అడుగు.”

గుడికి పోయి అమ్మ ముందు నిలబడ్డాను. ఆ రెండేళ్ళూ నేను ఆమెతో మాట్లాడని రోజు లేదని అక్కడ తెలిసింది. అన్నీ తిట్లే, అంతా నా చేతి గురించే. ఆ పూట మాత్రం చెయ్యి గుర్తు రాలేదు. అన్న పేరు, మిగతా ముగ్గురి పేర్లు చెప్పి ఒడ్డుకు చేర్చమన్నాను. కోడినిస్తా, మేకనిస్తా అని బేరం పెట్టలేదు. మళ్ళీ మళ్ళీ ఆ పేర్లే చెప్పాను. భయం పోలేదు గానీ, నా భయం వినేవాళ్ళు ఒకరున్నారనిపించింది. ఇప్పుడు ఊళ్ళో సగం వలలు నేనే బాగుచేస్తాను. ఎవరి వల ఒళ్ళో ఉంటే వాళ్ళ పేరు అమ్మకు చెబుతాను. అదే నా పని అనుకుంటాను. ఆ అలవాటు మొదలైంది ఆ మధ్యాహ్నమే.

నాలుగింటికి పడవ వచ్చింది. ఇంజన్ ఆగిపోతే పక్క ఊరివాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారట. అన్నకు నేను చేసింది చెప్పి తల వంచుకున్నాను. కొడతాడనే అనుకున్నాను. వల తెచ్చి నా ముందు పెట్టాడు.

“వేసింది నువ్వే కదరా. నువ్వే విప్పు.”

తడిసిన జోడుముడి ఓ పట్టాన లొంగలేదు. నా భార్య వచ్చి పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ అడగని మాట ఆమెను అప్పుడు అడిగాను.

“నా చెయ్యి పోయిన రోజు నువ్వేం మొక్కుకున్నావు?”

“తాడు చుట్టుకునింది, నెత్తురు ఆగడం లేదని ఫోన్ వచ్చింది. మనిషిని ఇంటికి పంపించు తల్లీ అన్నాను. అదే మాట అంటా కూర్చున్నాను. చెయ్యి సంగతి అడగాలని నాకు తోచనే లేదు.”

తప్పు చేసినదానిలా నా చేతివైపు చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె అడిగింది అడిగినట్టే అమ్మ ఇచ్చింది. ఆ మనిషిని రెండేళ్ళుగా ఇంటికి రానివ్వనిది నేనే.