కిక్కిసకు వేసిన ముడులు

ఏలూరులో మా వసారాకు ఎండ తగలకుండా మనవరాలు కిక్కిస గడ్డి తడిక కట్టించింది. నిన్న తూర్పుగాలికి అది గలగలలాడగానే నా చేతిలో కాఫీ ఒలికింది. "గడ్డికి భయపడతావేంటి నానమ్మా?" అని నవ్వింది పిల్ల. నవ్వదూ మరి! మనిషిని దోనెతో సహా మింగి, ఏమీ ఎరగనట్టు నిలబడే గడ్డిని అది చూడలేదు.

పందొమ్మిదివందల ముప్పైలలో నేను కొల్లేటి లంకకు కోడలిగా వెళ్ళాను. పక్కింటి మంగమ్మత్తకు అప్పటికే యాభై ఏళ్ళు. ఇళ్ళ కప్పులకు నిలువెత్తు కిక్కిస కోయడంలో ఆమె తరువాతే ఎవరైనా. మా పాక కారుతుంటే, ఐదు నెలల చంటివాణ్ణి మా అత్తగారికి అప్పగించి ఆమెతో కోతకు వెళ్ళాను.

"తిరిగొచ్చే దారి తెలిసేలా కొసలు ముడేసుకుంటూ రా. ముందు మాత్రం లాగి చూడు. నేలలో వేరున్న దుబ్బు కదలదు. తేలే దుబ్బుకి ముడేశావో, గాలొస్తే ముడితో సహా ఊరేగుద్ది" అంది మంగమ్మత్త.

మొదటి నాలుగైదు లాగి చూశాను. ఆకులకు చేతులు కోసుకుపోయాయి. బిడ్డకు పాలవేళ దాటుతోందన్న ఆత్రంలో తరువాతవి లాగకుండానే ముడివేశాను.

మోపులు నింపి తిరిగేసరికి మధ్యాహ్నమే మబ్బు కమ్మి గాలి లేచింది. మంగమ్మత్త నా ముడులు చూసుకుంటూ గెడతో దోనెను తోస్తోంది. ఒక ముడి, ఇంకో ముడి. గట్టు మాత్రం రాదు. చుట్టూ కిక్కిస దగ్గరికి జరుగుతోంది. పాలు చేపుకొచ్చి నా రవిక తడిసిపోయింది. నిజం చెబితే ఆమె ఏమంటుందోనని భయం. చెప్పకపోతే నా బిడ్డ తల్లిలేనివాడవుతాడని అంతకు మించిన భయం. ఆమె మరో ముడి వైపు దోనె తిప్పింది.

"వద్దండీ అత్తయ్యా! ఆ ముడులు నమ్మకండి. నేను లాగి చూడలేదండీ."

గెడ ఆగింది. ఆమె ముఖంలో నెత్తుటిచుక్క లేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మోపులు నీళ్ళలోకి తోసెయ్. ఆ పక్క నువ్వు లాగు, ఈ పక్క నేను లాగుతాను. రానిదాన్ని వదలకు. వేరున్నవి గట్టు వైపే ఎక్కువ" అంది.

కదలని దుబ్బును ఒకరం పట్టుకుంటే, మరో దుబ్బు కోసం ఇంకొకరం చేయి చాచాం. అలా ఎంతసేపు పాకామో తెలియదు. చివరికి దోనె అడుగు బురదకు తగిలింది. గట్టుమీద మా అత్తగారి చేతుల్లో బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

మంగమ్మత్త దోనెను గట్టుకు కట్టింది. "నాకూ భయమేసిందే పిల్లా. ఇంకో నాలుగు ముడుల దాకా నువ్వు నోరిప్పకపోతే ఇద్దరికీ నూకలు చెల్లిపోయేవి" అని మెల్లగా అంది. గడ్డేదని అత్తగారు అడిగితే, "గాలికి పారేశామమ్మా" అని ఊరుకుంది.

మూడోరోజు పొద్దున్నే మంగమ్మత్త మా గుమ్మంలోకి వచ్చింది. "రా. ఇయ్యాల కూడా ముడులు నువ్వే వెయ్యాలి" అంది.

ఆ రోజు ప్రతి దుబ్బునూ రెండేసి సార్లు లాగి చూశాను. మంగమ్మత్త ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆ భయం నన్ను వదల్లేదు, వదలమని నేనూ అడగలేదు. నిన్న మనవరాలు లోపలికి వెళ్ళాక, తడిక కట్టిన తాడును లాగి చూశాను. రాలేదు. మళ్ళీ లాగి చూసి, అప్పుడు కూర్చున్నాను.