అందరికన్నా ముందు లేచే చెయ్యి

మాస్కోలో మా రబ్బరు బూట్ల ఫ్యాక్టరీ పార్టీ సభల్లో ఎవ్సేయ్‌ది ఎప్పుడూ ముందు బెంచీయే. విప్లవం రోజుల్లో ఎక్కడ దాక్కున్నాడో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మాత్రం కుడి చొక్కాచెయ్యి మోచేతిదాకా మడుచుకునే వస్తాడు, ఎత్తడానికి అడ్డు రాకుండా. మేడే ఊరేగింపులో ఏ నాయకుడి పటం మోశాడో, నెల తిరక్కుండా ఆ నాయకుణ్ణే ద్రోహి అనడానికి ఆ చెయ్యి అందరికన్నా ముందు లేస్తుంది. పేరు పూర్తిగా వినే ఓపిక కూడా దానికి లేదు. మొన్న కార్యదర్శి ఎవరినో పార్టీనుంచి బహిష్కరించే తీర్మానం చదువుతుండగానే ఎవ్సేయ్ చెయ్యెత్తేసి, పక్కనున్న తోటి కార్మికురాలు గ్లఫీరా మీద విరుచుకుపడ్డాడు.

"ఏంటమ్మా, ద్రోహి మీద జాలా? ఎత్తు చెయ్యి!"

"నీ పేరేనయ్యా చదివింది," అంటూ గ్లఫీరా కూడా చెయ్యెత్తింది.

ఎవ్సేయ్ మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం దించలేదు వెధవ, దించితే ఏకగ్రీవం చెడిపోతుందని.