బిగించేది ఎవరు?

ఇవాళ పొద్దున సరుకు ఆఖరిసారి చూద్దామని చెక్కపెట్టె మూత తీయించగానే గ్రీజు వాసన గుప్పుమంది. ఒక్కసారిగా పాల్వంచలో, హమీద్ సాబ్ పంపుల షెడ్డులో ఉన్నట్టనిపించింది. తొంభైలలో అక్కడ ఇంగ్లీషు ఉత్తరాలు రాసే ఉద్యోగం నాది. ఇప్పుడు నేనే విదేశాలకు యంత్రాలు పంపే వ్యాపారం చేస్తున్నానంటే ఆ షెడ్డు చలవే.

సాబ్ దగ్గర పంపు కొనడమంటే పెళ్లిచూపులే. కల్లూరు నుంచి రైతు వచ్చినా, "బావెంత లోతు? ఇసుక వస్తదా? ఎవలు బిగిస్తరు?" అని ఆరా తీసేవారు. "పిల్లనిస్తున్నవా ఏంది సాబ్!" అని రైతులు నవ్వేవారు. నేనూ ముసిముసిగా నవ్వుకునేదాన్ని. ఏ పంపు అమ్మినా, బిగించడానికి మా మేస్త్రీ మల్లయ్య వెంట వెళ్లాల్సిందే.

ఫ్యాక్టరీలకు యాసిడ్ తోడే పంపులూ చేసేవాళ్లం. ఒక ఏడాది ఆ ఆర్డర్లు ఆగిపోయాయి. పనివాళ్లను ఇళ్లకు పంపక తప్పదనుకుంటున్న రోజుల్లో బొంబాయి నుంచి ఒక దళారి వచ్చాడు. విదేశంలో చక్కెర ఫ్యాక్టరీకట, మేము చేసే యాసిడ్ పంపులు ఎన్నున్నా కావాలన్నాడు. బేరం కూడా ఆడలేదు. మల్లయ్య సంబరంగా తనే చాయ్ తెచ్చిచ్చాడు.

"బిగించెతందుకు మా మల్లయ్యను పంపిస్త," అన్నారు సాబ్.

"అవసరం లేదండీ."

"మీ మనిషినన్న పంపుండ్రి, నేర్పిస్తం."

"అదీ వద్దు. అక్కడి రేవులో దింపితే చాలు. కాగితాల్లో మాత్రం నీళ్ల పంపులని రాయండి."

సాబ్ కప్పు కింద పెట్టేశారు. అలాంటి పంపులు యుద్ధాల్లో వాడే విషవాయువు తయారీకీ పనికొస్తాయి. అందుకే దేశం దాటించాలంటే ఎవరు, దేనికి వాడతారో చెప్పి సర్కారు అనుమతి తీసుకోవాలి. "చక్కెరకు గింత ఘాటు యాసిడ్ పంపులెందుకు? ఏడ బిగిస్తరో తెల్వకుంట నా పంపు ఇయ్య," అన్నారు.

దళారి వెళ్లగానే మల్లయ్య భగ్గుమన్నాడు. "ఆడేమన్న చేసుకోనీ సాబ్, మనకేంది? మా పొయ్యిలెట్ల వెలగాలె?"

"నువ్వు చేసిన పంపు, మల్లయ్యా. దానితోని ఏడనో పిల్లలు సచ్చిపోతే, గప్పుడు గూడ మనకేంది అంటవా?"

మర్నాటి నుంచి సాబ్ తెల్లచొక్కా మాని, పానా సంచి భుజాన వేసుకుని, మల్లయ్యతోపాటు పల్లెబస్సు ఎక్కారు. తిరుమలాయపాలెం దాకా తిరిగి రైతుల పాత పంపులు బాగుచేశారు. మళ్లీ ఆర్డర్లు వచ్చేదాకా ఆ రాబడితోనే అందరికీ జీతాలిచ్చారు, ఒక్కరినీ ఇంటికి పంపలేదు. మోకాళ్ల దాకా బురదతో సాయంత్రం షెడ్డులోకి వస్తుంటే నేను నాకు తెలియకుండానే లేచి నిలబడేదాన్ని. అంత పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ దళారి ఇంకెక్కడైనా కొన్నాడేమో, మాకు తెలియలేదు.

ఇవాళ్టి సరుకు కొన్నాయనకు మధ్యాహ్నం ఫోన్ చేశాను. బిగించేది ఎవరని అడిగితే, "అదంతా మీకెందుకు మేడమ్?" అన్నాడు. పెట్టెకు మేకులు కొట్టొద్దని మావాళ్లకు చెప్పాను. గేటు దగ్గర లారీవాడు హారన్ మోగిస్తున్నాడు, మోగించనీ.