కాన్పు సెలవులో చెరిపేసిన ఖాతా

రిటైరవడానికి ముందటి ఏడాది వేసవిలో నేను కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రుల సంస్థకు సిస్టమ్స్ మేనేజరుగా ఉన్నాను. అప్పుడు నేను చేసిన తప్పు ముందే చెబుతాను. పరీక్షించని స్క్రిప్టుతో కొందరు ఉద్యోగుల ఖాతాలు చెరిపేశాను. తర్వాత, అది నా పని కాదన్నట్టు మాట్లాడాను. రెండోదే పెద్ద తప్పు.

ఉద్యోగుల పేర్లు, పాస్‌వర్డులు, ఎవరు ఏ ఫైలు తెరవవచ్చన్న అనుమతులు ఉండేది డైరెక్టరీ సర్వర్‌లో. అన్ని ఖాతాలను ఒక్కొక్కటిగా చూడలేం కాబట్టి కమాండ్ లైన్‌లో కొన్ని ఆదేశాలు రాసి నడుపుతాం, దాన్నే స్క్రిప్టు అంటాం. చాలాకాలంగా లాగిన్ కాని ఖాతాను ముందు నిలిపివేయాలి, కొన్నాళ్లు విడిగా ఉంచాలి, ఎవరూ అడగకపోతేనే తొలగించాలి. ఖాతాల లెక్కన డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ లైసెన్సుల తనిఖీ దగ్గరపడిందని నేను నేరుగా తొలగించే ఆదేశమే ఇచ్చాను. ఏవేవి పోతాయో ముందుగా చూపించే ఉత్తుత్తి పరుగు కూడా నడపలేదు.

కడప శాఖలో ల్యాబ్ టెక్నీషియన్ లక్ష్మీదేవి అప్పటికి కాన్పుకని రాజంపేటలో పుట్టింటికి వెళ్లి ఉంది. తొలికాన్పుకు వెళ్లిన ఆడపిల్లను మా వైపు నెలల తరబడి తిరిగి పంపరు. ఆ సెలవు సంగతి హెచ్‌ఆర్ విభాగానికి తెలుసు. నా స్క్రిప్టుకు తెలిసింది చివరి లాగిన్ తేదీ ఒక్కటే. ఖాతా పోగానే హాజరు వ్యవస్థ ఆమెను ఉద్యోగం వదిలినవారిలో చేర్చింది. ఆమె తిరిగి వచ్చేసరికి సర్వీసు తెగిపోయి ఉంది. తెగకుంటే ఆ ఏడే పర్మినెంటు కావలసిన మనిషి.

శాఖ మేనేజరు ఫోన్ చేస్తే, "సిస్టమ్ దానంతటదే తీసేసిందప్పా" అన్నాను. ఆయన ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"కాన్పుకు పోయినా సార్, పని ఇడ్సిపెట్టి పోలేదు," అంది. పక్కన బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. "పుట్టింటికి పోయినోళ్లను లేనోళ్ల కింద రాసే సిస్టమ్ ఎవరు పెట్టినారు సార్? ఆయప్ప నంబరియ్యండి, నేనే మాట్లాడతా."

"నేనేనమ్మా" అన్నాను.

"ఆ మాట ముందే చెప్పింటే అయిపోయేది కదా సార్" అంది.

అదే పేరుతో కొత్త ఖాతా తెరిస్తే సరిపోదు. ప్రతి ఖాతాకూ లోపల వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది. అనుమతులు, హాజరు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అందుకని సర్వర్‌ను ఆపి, బ్యాకప్ నుంచి పాత ఖాతాలన్నీ వెనక్కి తెచ్చాను. సిస్టమ్ లోపం కాదు, నా నిర్లక్ష్యం అని డైరెక్టరుకు రాసిచ్చాను. ఆ లేఖ ఆధారంగానే లక్ష్మీదేవి సర్వీసు తెగలేదని ఉత్తర్వు వచ్చింది. నాకు మెమో ఇచ్చారు.

ఆ తర్వాత స్క్రిప్టులోంచి తొలగించే ఆదేశం తీసేశాను. సెలవుల వివరాలతో సరిచూశాక నిలిపివేయడం వరకే దాని పని. నిలిపే ముందు, రిటైరయ్యేదాకా, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి ఉద్యోగంలో ఉన్నారా అని అడిగేవాణ్ణి. చాలామంది ఉన్నామనే చెప్పారు.