తల ఊపిన సారు

జహీరాబాద్‌లో మా సోషల్ సారుకు అల్బేనియా పిచ్చి. డెబ్బైల చివర్లో రోజూ రేడియోలో ఆ దేశం ముచ్చట్లు వినడం, మర్నాడు క్లాసులో మమ్మల్ని చంపుకుతినడం.

"బెసా అంటరు వాళ్లు. ఒక్కసారి మాటిచ్చిన్రంటే పానం పోయినా తప్పరు," అనేవాడు.

మా ఊరు మొగుడంపల్లిలో పటేలు మా నాయనను కొట్టినప్పుడు చూసినవాడు ఆ సారొక్కడే.

"సార్, జర సాక్ష్యం చెప్తరా?" అని అడిగాను. నిండుగా తల ఊపాడు.

కోర్టుకు రాలేదు. కేసు కొట్టేశారు.

నిలదీస్తే నవ్వాడు. "నేనెప్పుడు ఒప్పుకున్న? అల్బేనియాల తల గిట్ల కిందికి మీదికి ఊపితే కాదని అర్థం."

ఆ దేశం నేను చూడలేదు. మాట మీద నిలబడే మనుషులున్నారట. వాళ్ల దగ్గర ఈ పెద్దమనిషి నేర్చుకున్నది తల ఊపడమొక్కటే.